గోడౌన్‌కి, ఫ్యాక్టరీకి చుట్టూ భద్రత ఎలా ప్లాన్ చేసుకోవాలి: ప్రహరీ కంటే ముందు గడియారం

గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన నాకు ఫోన్ చేశారు. "ఎనిమిది అడుగుల ప్రహరీ కట్టించానండీ. పైన గాజు పెంకులు గుచ్చించాను. పదహారు కెమెరాలున్నాయి. అయినా దొంగలు పడ్డారు" అన్నారు. వెళ్లి రికార్డింగ్ చూశాను. రాత్రి రెండు దాటాక ఒకడు మడత పెట్టిన గోతాం గోడ మీదకి విసిరాడు, దాని మీద చేతులాన్చి ఎక్కాడు, లోపలికి దిగాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే పదకొండు సెకన్లు. తర్వాత నలభై నిమిషాలు జనరేటర్ గది పక్కన కూర్చుని తీరిగ్గా రాగి కేబుల్ కోసుకున్నాడు. కెమెరా అంతా చక్కగా రికార్డు చేసింది. దాన్ని మనుషులు చూసింది మాత్రం పొద్దున ఏడింటికి.

గోడ మీద పెట్టిన డబ్బు పదకొండు సెకన్లు కొనిపెట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఎవరైనా వచ్చేలా చేయడానికి మాత్రం రూపాయి కూడా ఖర్చు పెట్టలేదు. అందుకే ఈ పనిలో ముందుగా చూడాల్సింది ఇటుకలూ కెమెరాలూ కాదు, సమయం. మనిషి వచ్చాడని మీకు తెలిసిన క్షణం నుంచి మీవాళ్లు అక్కడికి చేరేలోపు వాడి పని అయిపోతుందా లేదా అన్నదే లెక్క.

నాలుగైదు ఎకరాల గోడౌనో, రైస్ మిల్లో, కోల్డ్ స్టోరేజీయో, చిన్న ఫ్యాక్టరీయో మనసులో పెట్టుకుని రాస్తున్నాను. స్కూలుకైనా, సోలార్ ప్లాంటుకైనా వరస ఇదే.

1. ముందు హద్దు తేల్చుకోండి

సర్వేయర్‌తో హద్దు రాళ్లు వేయించుకోకుండా పునాదికి గుంత తీయొద్దు. సర్వే కొలతల బొమ్మ నకలు, అంటే ఆంధ్రలో అయితే ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో అయితే టిప్పన్, చేతిలో ఉండాలి. పక్క రైతు గట్టు మీదకి అడుగున్నర జరిగిందని గొడవ మొదలైతే ఆ ముక్క గోడ ఏళ్ల తరబడి కట్టకుండా మిగిలిపోతుంది. ఊరంతటికీ ఆ సందు తెలుస్తుంది.

హద్దు తేలాక చుట్టుకొలత లెక్కేయండి. ఐదెకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 142 మీటర్లు, చుట్టూ 570 మీటర్ల దాకా వస్తుంది. అదే ఐదెకరాలు 50 మీటర్ల వెడల్పుతో రోడ్డు నుంచి లోపలికి పొడుగ్గా పోతే చుట్టుకొలత 900 మీటర్లు దాటుతుంది. స్థలం అంతే, కాపలా కాయాల్సిన పొడవు మాత్రం సగానికి పైగా పెరిగింది. అలాంటి పొడుగు స్థలంలో మొత్తానికీ ఒకేలా ఖర్చు పెట్టకండి. వెనక భాగానికి మామూలు కంచె వేసి, విలువైనదంతా ముందు భాగంలో పెట్టి, మధ్యలో ఇంకో అడ్డు కట్టుకుంటే మీరు నిజంగా కాపాడాల్సిన చుట్టు చిన్నదవుతుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద స్థలం బొమ్మ గీసుకుని చుట్టూ నడవండి. మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి పదకొండు తర్వాత ఒకసారి, వీలైతే వాన పడుతున్నప్పుడు ఇంకోసారి. గోడకి ఆనుకుని చెట్టు ఎక్కడుంది, కరెంటు స్తంభం ఎక్కడుంది, పక్కవాళ్ల రేకుల షెడ్డు మీ గోడకి మెట్టులా ఉందా, వాననీళ్లు బయటికి పోయే తూము ఎంత పెద్దది, అన్నీ గుర్తు పెట్టండి. మనిషి తలా భుజాలూ దూరే తూముకి ఇనప చువ్వలు తప్పనిసరి. చువ్వల ముందు చెత్త ఆగితే నీళ్లు ఎగదన్ని గోడనే తోస్తాయి కాబట్టి వానాకాలం ముందు శుభ్రం చేసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

2. ఏది పోతుంది, ఎలా మోసుకెళ్తారు

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఒక్కోటి నలభై కిలోలకి పైమాటే. ఎనిమిది అడుగుల గోడ మీంచి టిక్కీలు దాటించి ఎవడూ బాగుపడడు. సరుకు పోవాలంటే బండి రావాలి, బండి రావాలంటే గేటు తెరుచుకోవాలి. అంటే సరుకుకి అసలు ప్రహరీ మీ గేటూ, మీ గేట్‌పాస్ పుస్తకమూ. గోడ మీంచి పోయేవి వేరు: రాగి కేబుల్, జనరేటర్ బ్యాటరీ, డబ్బాల్లో డీజిల్, చిన్న మోటార్లు, ఆఫీసులో ల్యాప్‌టాప్, క్యాష్.

ఒక్కో వస్తువు ఎదురుగా మూడు విషయాలు రాసుకోండి. ఎక్కడుంది, ఒక్కడు మోయగలడా, తీసుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది. ఈ కాగితం రాసేసరికి సగం ప్లాన్ అయిపోతుంది. అప్పటిదాకా "కెమెరాలు ఎన్ని పెడదాం" అనే మాట ఎత్తనివ్వకండి, ఎంత మొహమాటపెట్టినా సరే.

దొంగతనం ఒక్కటే కాదు. కోల్డ్ స్టోరేజీలో చల్లబరచడానికి వాడే అమ్మోనియా అనే విషవాయువు ఉంటుంది. పత్తి, జనపనార, మిర్చి ఉన్న చోట నిప్పు భయం ఉంటుంది. లోపలివాళ్లు బయటికి పరిగెత్తాల్సిన రోజు కూడా రావచ్చు. మీరు కట్టే ప్రతి అడ్డూ ఆ రోజు వాళ్లకి అడ్డం కాకూడదని ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి.

3. సమయం లెక్క

గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో కొండ మీద బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుందని మనందరికీ తెలుసు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు మనమూ కొట్టి ఉంటాం. ఆ కట్టడంలో ఉన్న తెలివి ఇక్కడ కావాలి. శత్రువు కింద తలుపు దగ్గర ఉండగానే పైవాళ్లకి తెలియాలి. వాడు కొండ ఎక్కేంత సేపూ పైవాళ్లు సిద్ధం కావడానికి దొరికిన సమయమే.

మీ స్థలానికి ఈ లెక్క ఇలా వేయండి. గోడ దాటడానికి 15 సెకన్లు. యార్డులో 40 మీటర్లు నడవడానికి అరనిమిషం. కేబుల్ గది తాళం గ్రైండర్‌తో కోయడానికి నిమిషంన్నర. కేబుల్ కోసి చుట్టుకోవడానికి పది నిమిషాలు. మొత్తం పన్నెండు నిమిషాల పైచిలుకు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కి అలారం వినిపించి, రెండో మనిషిని లేపి, టార్చి పట్టుకుని 200 మీటర్లు వెళ్లడానికి నాలుగు నిమిషాలు అనుకోండి. గోడ దాటుతుండగా అలారం మోగితే మీవాళ్లు ముందే చేరతారు. అదే అలారం ఆఫీసు గది తలుపుకి మాత్రమే ఉండి, దొంగ ల్యాప్‌టాప్ కోసమే వస్తే? తలుపు విరిచాక అర నిమిషం చాలు. మీవాళ్లు వచ్చేసరికి వాడు గోడ అవతల ఉంటాడు.

దీని నుంచి రెండు సంగతులు తేలతాయి. తెలియకముందు జరిగిన ఆలస్యం లెక్కలోకి రాదు. అలారం లేని గోడని పది అడుగులు కట్టినా పన్నెండు అడుగులు కట్టినా మీ గడియారం అప్పటికింకా మొదలవ్వదు. రెండోది, ఆలస్యాన్ని వస్తువు దగ్గర కొనుక్కోవడం చవక. 570 మీటర్ల గోడని రెండడుగులు పెంచే డబ్బుతో ఆఫీసు గదికి మంచి ఇనప తలుపు, కిటికీలకి గ్రిల్, కేబుల్ గదికి రెండో తాళం అన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది.

మీ అంకెలు నావి కావు. మీ స్థలంలో నడిచి, గడియారం పట్టి, మీవి మీరే రాసుకోండి.

4. చెట్లు కొట్టించండి, వెలుతురు సరిచేయండి

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చే పని ఇదే. గోడకి లోపల మూడు మీటర్లు ఖాళీగా ఉంచండి. సర్కారు తుమ్మ పొదలు, పాత సామాను, విరిగిన ప్యాలెట్లు, ఆపి ఉంచిన ట్రాక్టర్ ట్రాలీ ఏవీ ఉండకూడదు. మీ స్థలంలో నిచ్చెన ఎక్కడుందో వెతకండి. పది స్థలాల్లో ఏడెనిమిది చోట్ల నిచ్చెన గోడకే ఆనించి కనిపిస్తుంది. దొంగకి బయటికి పోవడానికి అదే దారి.

లైట్ల విషయంలో జరిగే పొరపాటు ఒక్కటే: నాలుగు మూలలా నాలుగు పెద్ద ఫ్లడ్ లైట్లు పెట్టి వదిలేయడం. లైటు కింద కళ్లు జిగేల్మంటాయి, ముప్పై అడుగుల అవతల కటిక చీకటి. ఆ చీకట్లోనే మనిషి నిలబడతాడు. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ లైట్లు దగ్గర దగ్గర స్తంభాలకి పెట్టి వెలుతురు సమంగా పరుచుకునేలా చూడండి. వాచ్‌మన్ గదిలో లైటు తక్కువగా, బయట ఎక్కువగా ఉండాలి. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే అద్దంలో వాళ్ల మొహమే వాళ్లకి కనిపిస్తుంది, గేటు కనిపించదు.

5. గోడా, కంచా?

రోడ్డు వైపు లోపలంతా బయటికి కనిపించే కంచె మేలని నా అభిప్రాయం. నిండు గోడ దొంగని లోపలికి రాకముందు కాస్త ఆపుతుంది, వచ్చాక పూర్తిగా దాచిపెడుతుంది. కనిపించే కంచె అయితే దారిన పోయే పాలబండి అబ్బాయి కూడా మీ కాపలాదారే. పొలాల వైపు, నిర్మానుష్యంగా ఉన్న వైపు గోడ కట్టుకోండి.

కంచెల్లో చైన్ లింక్ చవక, కానీ కటింగ్ ప్లయర్‌తో నిమిషంలో తెగుతుంది, కన్నాల్లో కాలు పెట్టి ఎక్కొచ్చు కూడా. 358 మెష్ అని ఒకటుంది. 3 అంగుళాలు, అర అంగుళం, 8 గేజి తీగ అన్న మూడు కొలతలే దాని పేరు. ఆ కన్నంలో వేలు దూరదు, కాలు ఆనదు, కట్టరు మూతి సరిగ్గా పట్టదు. ఖరీదెక్కువ కాబట్టి చుట్టూ అక్కర్లేదు, జనరేటరూ ట్రాన్స్‌ఫార్మరూ ఉన్న ముక్కకి వేసుకోండి. పైన గాజు పెంకుల సంగతి మొదట్లోనే చూశారు. వాటి బదులు వై ఆకారపు ఇనప యాంగిళ్ల మీద ముళ్లతీగా, బ్లేడులున్న కాన్సర్టినా తీగ చుట్టలూ వేయించండి. కంచె కింద కాంక్రీటు బీము వేయకపోతే మనిషి దాకా అక్కర్లేదు, పందికొక్కులే తవ్వేస్తాయి.

నల్లరేగడి నేలలో గోడ కట్టేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. లోతు లేని పునాది మీద వంద మీటర్ల గోడ ఏకబిగిన కట్టేస్తే రెండో వానాకాలానికే పక్కకి ఒరుగుతుంది. మధ్య మధ్యలో జాయింటు వదలమనండి, నీరు పోయే కన్నాలు పెట్టించండి, పునాది సంగతి స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో తేల్చుకోండి. వానల్లో ప్రహరీలు కూలి మనుషులు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ గోడ అవతల కూలీలు గుడిసెలు వేసుకుని ఉంటే ఇంకా జాగ్రత్త.

కరెంటు కంచె గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటి కరెంటుని, అంటే 230 వోల్టులని, నేరుగా తీగకి ఇవ్వడం హత్యతో సమానం. అడవిపందుల కోసమని పొలం చుట్టూ అలా తీగ లాగి, తెల్లారేసరికి పక్క రైతో సొంత కొడుకో దానికి బలైపోయిన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అది నేరం కూడా. భద్రత కోసం కంచె తీగకి కరెంటు దెబ్బలిచ్చే ఎనర్జైజర్ అనే యంత్రం వేరు. అది సెకనుకి సుమారు ఒకసారి, రెప్పపాటు కంటే చాలా తక్కువసేపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్లు దాటకూడదు. ఎవరైనా తీగ కోసినా, వంచి నేలకి తగిలించినా వోల్టేజి పడిపోయి అలారం మోగుతుంది, అందుకే అది అడ్డూ అలారమూ రెండూ. పరీక్షించిన యంత్రమే కొనండి, భవనం ఎర్తింగ్‌తో కలపకుండా విడిగా ఎర్త్ పిట్ తీయించండి, పిల్లలకీ చదువురానివాళ్లకీ అర్థమయ్యే బొమ్మ బోర్డులు దగ్గర దగ్గరగా కట్టించండి. గోడ పైన, చేతికందని ఎత్తులోనే పెట్టండి.

6. గేటు

గోల్కొండ గోడల్ని ఔరంగజేబు ఫిరంగులు ఎనిమిది నెలలు కొట్టినా పగలగొట్టలేకపోయాయి. 1687లో కోట పడిపోయింది లోపలి అధికారి ఒకడు లంచానికి లొంగి తలుపు తీయడం వల్ల. మీ గేటు దగ్గర కూర్చునే మనిషికీ, గేట్‌పాస్ మీద సంతకం పెట్టే మనిషికీ మీరు ఎంత విలువ ఇస్తున్నారో ఇక్కడ ఆలోచించండి.

ముందు కట్టడం సంగతి. గేటుని రోడ్డు అంచునే పెట్టకండి. కనీసం ఒక లారీ పూర్తిగా ఆగేంత వెనక్కి, అంటే పదిహేను మీటర్లయినా లోపలికి జరపండి. సీజన్లో లారీల వరస రోడ్డెక్కితే, వెనక హారన్లు మొదలైతే, ఆ హడావిడిలో వాచ్‌మన్ చూడకుండానే గేటు తీసేస్తాడు. రోడ్డు నుంచి గేటుకి సూటిగా దారి ఉంటే ఒక వంపు తిప్పండి. బండి వేగం రెండింతలైతే గుద్దే శక్తి నాలుగింతలు, కాబట్టి వంపుతో వేగం తగ్గించడం గేటుని లావు చేయడం కంటే చవక. మన పాత కోటల్లో చాలాచోట్ల వాకిలి దగ్గర దారిని ఎందుకు మెలి తిప్పారో ఇప్పుడు తెలుస్తుంది, అప్పట్లో ఏనుగులు పరుగెత్తుకొచ్చేవి.

జనం ఎక్కువగా వచ్చే మాల్, ఆసుపత్రి, ప్రభుత్వ భవనం అయితే బొలార్డులు, అంటే బండ్లని ఆపడానికి నేలలో పాతే పొట్టి స్తంభాలు, అవసరం. మార్కెట్లో దొరికే స్టీలు గొట్టాలన్నీ బొలార్డులు కావు. ఎం30 అనే రేటింగు ఉన్నది 6,800 కిలోల లారీ గంటకి 48 కిలోమీటర్ల వేగంతో గుద్దినా ఆపుతుందని పరీక్షించినది. రెండిటి మధ్య ఖాళీ 1.2 మీటర్లు మించకూడదు, వీల్‌చైర్ మాత్రం హాయిగా పోవాలి. మామూలు గోడౌన్‌కి ఇవేవీ అక్కర్లేదు.

గేటు కింద సందు మనిషి దూరేంత ఉందా? పడుకుని చూడండి. కీలు మీంచి గేటుని పైకి లేపితే ఊడి వస్తుందా? చాలా గేట్లు వస్తాయి, పై కీలుని తలకిందులుగా బిగిస్తే లేవదు. తాళానికి ఇనప గూడు చేయించండి, కట్టరు పట్టకుండా. మనుషులకి చిన్న గేటు వేరుగా ఉండాలి, లేకపోతే హమాలీ ఒక్కడు వచ్చినా పెద్ద గేటు బార్లా తీస్తారు. ఫైరింజన్ లోపలికి రావడానికి జాతీయ భవన నియమావళి చెప్పిన 6 మీటర్ల వెడల్పు పెట్టుకోండి. వెనక వైపు ఎమర్జెన్సీ గేటు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, తెరిస్తే అలారం మోగాలి. అమ్మోనియా లీకైన రోజు తాళంచెవి వెతుక్కునే టైమ్ ఉండదు.

తర్వాత కాగితం. లారీ లోపలికొచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కాటా ఎక్కాలి. కాటా చీటీ, గేట్‌పాస్, డెలివరీ చలానా మూడింటి మీదా ఒకే నంబరు, ఒకే బరువు ఉండాలి. ఈ మూడూ ఒకే మనిషి రాస్తుంటే అక్కడే మీ గోడకి కన్నం ఉంది. వేరు వేరు మనుషులు రాయాలి, వారానికోసారి మీరు గానీ అకౌంటెంట్ గానీ పక్కపక్కన పెట్టి చూడాలి.

7. వచ్చారని తెలిసేదెలా

సెన్సార్లు చాలా రకాలు. వాటిలో ఏది మంచిదని అడక్కండి, మీ స్థలంలో ఏది అబద్ధపు అలారం కొట్టదో అడగండి. రాత్రికి పది సార్లు కుక్క కోసం మోగిన అలారాన్ని మూడో రోజు వాచ్‌మన్ కట్టేస్తాడు. ఆయన్ని తప్పు పట్టలేం.

కంపనాన్ని పట్టే కేబుల్ బిగుతుగా ఉన్న మెష్ కంచెకి బాగుంటుంది. వదులు చైన్ లింక్‌కి కడితే ఈదురుగాలికి రాత్రంతా మోగుతుంది. ఇటుక గోడకి కడితే మనిషి ఎక్కినా కదలిక అందదు. మధ్యలో కిరణం తెగితే మోగే కిరణాల సెన్సార్లు గోడ లోపలి వైపు సూటిగా ఉన్న చోట పనిచేస్తాయి, ఒకటి కాకుండా ఒకదాని మీద ఒకటి రెండు మూడు వరసలు పెట్టండి. డిసెంబరు, జనవరి మంచుకి పనితనం తగ్గుతుంది కాబట్టి కంపెనీ చెప్పిన దూరంలో సగానికే వాడండి. వేడిని చూసే థర్మల్ కెమెరా చిమ్మచీకట్లో అద్భుతం. కానీ మన మే నెల సంగతి మర్చిపోకండి. రెంటచింతల వైపు సాయంత్రం ఏడింటికి కూడా నేలా గోడా మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉంటాయి, బొమ్మలో మనిషి వేరుగా తేలడు. రాత్రి చల్లబడ్డాకే దాని బలం. ఇళ్లలో వాడే చవక మోషన్ సెన్సార్‌కీ ఇదే ఇబ్బంది.

కోతులు తిరిగే ఊళ్లలో గోడ పైన ఏది పెట్టినా మోగుతుంది. అక్కడ అలారం గీతని గోడ మీద కాకుండా గోడకి మూడు మీటర్లు లోపల, ఖాళీ చేసిన నేల మీద గీయండి. మీరు చెట్లు కొట్టించిన ఆ ఖాళీ ఇప్పుడు అక్కరకొస్తుంది.

8. కెమెరాలు

అమ్మేవాళ్లు మెగాపిక్సెళ్లు చెప్తారు. మీరు అడగాల్సింది మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మలో ఎన్ని చుక్కలు, అని. ఏదో కదిలిందని తెలియడానికి మీటరుకి 25 చాలు. తెలిసిన మనిషేనా అని చెప్పడానికి 125 కావాలి. తెలియని మనిషి మొహాన్ని రేపు కోర్టులో చూపించాలంటే 250 కావాలి. 4 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డం 2,560 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే 10 మీటర్లు. అంటే ఆ కెమెరా ఎదుట 10 మీటర్ల వెడల్పు దాటితే మొహం పనికిరాదు. అదే కెమెరా 100 మీటర్ల వెడల్పులో ఎవరో కదిలారని చెప్పగలదు. ఈ ఒక్క భాగహారం తెలిస్తే కొటేషన్‌లో సగం కెమెరాలు ఎందుకున్నాయో మీరే అడగగలరు.

కాబట్టి మొహాల కెమెరా గేటు దగ్గర, మనిషి తల కంటే కాస్త ఎత్తులో, సుమారు రెండున్నర మూడు మీటర్లకి మించకుండా పెట్టండి. ఆరు మీటర్ల స్తంభం మీంచి కనిపించేవి టోపీలే. నంబరు ప్లేటుకి వేరే కెమెరా కావాలి, రాత్రి హెడ్‌లైట్ వెలుగులో మామూలు కెమెరాకి తెల్ల మరక తప్ప ఏమీ రాదు. చుట్టూ పెట్టేవి ఒక్కోటి పక్క కెమెరా స్తంభాన్ని చూస్తుండాలి, అప్పుడు ఒకదాన్ని ఎవరైనా తిప్పేస్తే ఇంకోటి చెప్తుంది. పక్కింటి వరండా, బావి గట్టు బొమ్మలో పడకుండా చూడండి. వాళ్ల ఇల్లు వాళ్లది.

ఇంకొకటి. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి రాత్రి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది. తెల్లారి చూస్తే రాత్రంతా తెల్లటి దారాలు ఊగుతున్న బొమ్మే. వెలుగునిచ్చే దీపాన్ని కెమెరాకి రెండు మీటర్ల దూరంలో విడిగా పెడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. లేదంటే వారానికోసారి చీపురు కట్ట పట్టే మనిషి పేరు రిజిస్టర్లో రాయండి.

నిల్వ లెక్క కూడా మీరే వేసుకోవచ్చు. ఒక కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు పంపితే రోజుకి 43 జీబీ. పదహారు కెమెరాలు, ముప్పై రోజులు అంటే సుమారు 21 టీబీ. ముప్పై రోజులని ఊరికే అనలేదు. ఒకేసారి 100 మంది గానీ, రోజుకి 500 మంది గానీ వచ్చిపోయే చోట కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెప్తుంది. రికార్డరుని వాచ్‌మన్ గదిలో పెట్టకండి, దొంగ దాన్ని కూడా సంచిలో వేసుకుపోతాడు. తాళం ఉన్న వేరే గదిలో పెట్టండి.

9. వైర్లు, కరెంటు, పాస్‌వర్డు

మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్లు దాటితే నమ్మకంగా పనిచేయదు, కాబట్టి చుట్టూ ఫైబర్ లాగించండి. వేసవి పిడుగుల వానలకి రాగి తీగల మీంచి వచ్చిన దెబ్బకి మొత్తం కెమెరాలు ఒకేసారి పోయిన చోట్లు చూశాను, ఫైబర్‌లో ఆ దెబ్బ పాకదు. కరెంటు పోయినప్పుడు కనీసం నాలుగు గంటలు కెమెరాలూ సెన్సార్లూ గేటు లైటూ నడిచే బ్యాటరీ ఉండాలి. కరెంటు పోయిన రాత్రే దొంగకి పండగ.

2016 అక్టోబరులో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా ఉన్న కెమెరాల్నీ రికార్డర్లనీ పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లని పడగొట్టింది. అది చేసిందల్లా కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని పరికరాల్ని వెతకడమే. బిగించిన రోజే పాస్‌వర్డు మార్పించండి, కెమెరాల నెట్‌వర్క్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. పాస్‌వర్డులన్నీ, వైరింగ్ బొమ్మతో సహా, సీల్ చేసిన కవర్లో మీ బీరువాలో ఉండాలి. బిగించినవాడి ఫోన్లో మాత్రమే ఉంటే రేపు వాడితో మాట తేడా వస్తే మీ స్థలానికి మీరే పరాయివాళ్లు.

10. వాచ్‌మన్

ఒక రైస్ మిల్లులో రాత్రి కాపలాకి ఒకే పెద్దాయన ఉండేవారు. లక్షల రూపాయల కెమెరాలు పెట్టారు, ఆయనకి మరుగుదొడ్డి కట్టలేదు. రోజూ ఒంటిగంట ప్రాంతంలో చెంబు పట్టుకుని కాలవ గట్టుకి పోయేవారు. చుట్టుపక్కల అందరికీ తెలుసు, యజమానికి తప్ప. దొంగతనం ఆ పావుగంటలోనే జరిగింది. ఉద్యోగం పోయింది మాత్రం ఆ పెద్దాయనకి. ఇప్పటికీ నాకు ఆ సంగతి తలుచుకుంటే కడుపు రగులుతుంది.

రాత్రికి ఇద్దరుండాలి. ఒకరు గేటు వదలకూడదు, ఒకరు తిరగాలి. మరుగుదొడ్డి, తాగేనీళ్లు, ఫ్యాను, వాన కోటు, మంచి టార్చి, ఛార్జింగ్ ఉన్న ఫోను, జీతం ఒకటో తారీఖున. ఇవి భద్రతా పరికరాలే, కొటేషన్‌లో వీటికీ ఒక వరస ఉండాలి. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందో లేదో చూడండి. కేంద్రం నమూనా నియమాల ప్రకారం గార్డుకి 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. సర్టిఫికెట్ అడిగితే ఏజెన్సీవాళ్లు నీళ్లు నమిలారంటే ఆ శిక్షణ జరగలేదన్నమాట.

ఇంకొకటి స్పష్టంగా చెప్పి పెట్టండి: ఒంటరిగా దొంగ మీదకి పోవద్దు. లైట్లన్నీ వేయాలి, సైరన్ మోగించాలి, 112కి ఫోన్ చేయాలి, రెండో మనిషి వచ్చేదాకా దూరం నుంచే కనిపెట్టి ఉండాలి. రాగి కేబుల్ మళ్లీ కొనుక్కోవచ్చు.

11. మీరే దొంగయి చూడండి

బిల్లు చెల్లించే ముందు ఒక రాత్రి పరీక్ష పెట్టండి. వాచ్‌మన్‌కీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కీ ముందే చెప్పి, ఎనర్జైజర్ ఆపి, చురుకైన కుర్రాణ్ణి గోతాం, నిచ్చెన ఇచ్చి గోడ దాటమనండి. మీరు లోపల ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకోండి. ఎన్నో సెకనుకి అలారం మోగింది, ఎన్నో నిమిషానికి మనిషి వచ్చాడు రాసుకోండి. అతన్ని గేటు దగ్గర మొహం కెమెరా ముందు నుంచి నడిపించి, ఆ బొమ్మని అతనెవరో తెలియని మనిషికి చూపించి, తర్వాత నలుగురిని నిలబెట్టి గుర్తుపట్టమనండి. మెయిన్ స్విచ్ ఆపి ఇదంతా ఇంకోసారి చేయించండి. ఎనర్జైజర్‌ని తర్వాత మళ్లీ ఆన్ చేసి, తీగకి మీటరు పెట్టి విడిగా చూడండి.

మొదటి నెల రోజులూ గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి. అలారం మోగిన ప్రతిసారీ తేదీ, టైమ్, ఎందుకు మోగింది రాయమనండి: పిల్లి, గాలి, కొమ్మ, కోతి, మనిషి. నెల చివర ఆ పుస్తకం తీసుకుని బిగించినవాళ్లని పిలిపించండి. "ఈ మూల కొమ్మకి పద్దెనిమిది సార్లు మోగింది" అని వేలు పెట్టి చూపిస్తే, ఆ కొమ్మ కొట్టించడమో, సెన్సార్ జరపడమో అప్పటికప్పుడు తేలిపోతుంది. ఆ సవరణ అయ్యాకే చివరి చెక్కు మీద సంతకం పెట్టండి.